సైకిళ్ల దుకాణం ఎర్ర చార

పొద్దుటి నుంచి పెయింటర్ ఒక్క గీతతో కుస్తీ పడుతున్నాడు. సైకిళ్ల దుకాణం బోర్డు అది. పేరు కింద ఏటవాలుగా ఒక ఎర్ర చార రావాలి, అంతే. గోడ మీదైతే నిచ్చెనెక్కి, కబుర్లు చెబుతూనే లాగి పారేసేవాడు. ఈ కంప్యూటర్‌లో మాత్రం ఆ చార తాగినవాడి నడకలా వస్తోంది.

గోడల మీద రాయించుకునేవాళ్లు కరువయ్యారు. ప్రింటింగ్ షాపు నడిపే మరదలు తేల్చి చెప్పేసింది. "బావా, సాయంత్రానికి ఈ బోర్డు చేసి చూపించండి, డిజైనర్ కుర్చీ మీకే. లేదంటే రేపు ఇంకొకర్ని పెట్టుకుంటా. అక్క మొహం చూసే ఇన్నాళ్లూ ఆగాను." తన పెళ్లినాటికి పలక పట్టుకు తిరిగిన పిల్ల తనకు గడువు పెట్టడమా అని అతనికి ఒళ్లు మండింది. కానీ వేరే దారి లేదు.

"షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి బావా!" అని ఆమె కౌంటర్ దగ్గర నుంచే అరిచింది.

పట్టుకుని లాగాడు. గీత అడ్డంగా పడుకుంది. మళ్లీ లాగితే నిలువుగా నిలబడింది. ఏటవాలుగా మాత్రం చచ్చినా రానంది. చివరికి షిఫ్ట్ వదిలేసి, బల్ల మీద స్కేలు పెట్టి, దానికి ఆనించి మౌస్ జరిపాడు. అదీ వంకరే. కౌంటర్ దగ్గరున్న కస్టమర్ ఫక్కున నవ్వాడు. పెయింటర్‌కు తల కొట్టేసినట్టయింది. మౌస్ తీసి నేలకేసి కొట్టాలనిపించింది.

మరదలు వచ్చి వెనక నిలబడింది. "ఏదీ, మళ్లీ గీయండి." ఆమె తెర వైపు కాక మౌస్ మీదున్న అతని వేలి వైపు చూసింది. "వేలు ఎత్తకుండా లాగేస్తున్నారేం?"

"ఎత్తితే గీత చెడదూ?" అన్నాడు విసురుగా. కుంచె మధ్యలో ఎత్తితే అక్కడ రంగు ముద్ద కడుతుంది. పని నేర్పిన గురువు ఆ ఒక్క తప్పుకే వేళ్లు వాచేలా కొట్టేవాడు. అప్పటి నుంచి ఏ గీత మధ్యలోనూ అతని చెయ్యి లేవలేదు.

"అదే మీతో వచ్చిన తంటా! ఈ కొసన మౌస్ నొక్కి వదిలెయ్యండి. షిఫ్ట్ పట్టుకుని ఆ కొసన నొక్కండి. మధ్యలోది అదే గీసుకుంటుంది."

"మరి మధ్యలో నేనేం చెయ్యాలి?"

"మీరేం చెయ్యక్కర్లేదు బావా."

నొక్కాడు, వదిలాడు, నొక్కాడు. రెప్పపాటులో చార పడింది, దారం కట్టి లాగినట్టు.

"అమ్మయ్య! కుర్చీ మీదే. అక్కకు ఫోన్ చేసి చెప్తా," అంది మరదలు సంబరంగా.

పెయింటర్‌కు సంతోషం రాలేదు సరికదా, కోపం ఇంకా పెరిగింది. ఆ కొస, ఈ కొస ఎవడైనా చూపిస్తాడు. ఇన్నేళ్లూ తనకు అన్నం పెట్టింది మధ్యలోదే. అతను చార చెరిపేసి, షిఫ్ట్ జోలికి పోకుండా చేత్తో లాగాడు. వంకరగా వచ్చింది.

"అయ్యో బావా, చక్కగా గీశారుగా! ఎందుకు చెరిపారు?"

"అది గీసిందమ్మా. నేనింకా గీయలేదు," అని పెయింటర్ మళ్లీ మౌస్ పట్టుకున్నాడు.