కోసిందే కోసిన రోజు

మార్కండేయులుకి కాఫీ కూడా కూర్చుని తాగే ఓపిక లేదు. ఆ పొద్దున కూడా గ్లాసు పట్టుకుని, గడ్డి కోసే మిషను చుట్టూ తిరుగుతూనే తాగాడు. మంగళగిరిలో నేతవాళ్ల ఇంట పుట్టి మెకానిక్కు అయిందీ అందుకే. మగ్గం గుంటలో దిగితే కాళ్లు నిలవవు. “కాళ్లకి బలపం కట్టుకుని పుట్టాడు వీడు” అని తండ్రి తిట్టీ తిట్టీ పోయాడు.

తండ్రి పోయిన దగ్గర్నుంచీ, మార్కండేయులు ఆఖరున చెయ్యి పెట్టిన ఇంజిను ఊళ్లో ఎక్కడ ఆడినా, ఇంట్లో మగ్గం ఆ చప్పుడుకే నేస్తుంది. వీధిలో ఎవరికీ అదేం వింత కాదు. తెగిన పోగు అతకడానికి మాత్రం పక్కన మనిషి కావాలి. భార్య మాధవీలత కుడిచెయ్యి విరిగాక ఇల్లు ఆ నేత మీదే నడుస్తోంది; పోగులు ఆమె ఎడమచేత్తో అతుకుతోంది.

సాయంత్రానికి చీర నేత పూర్తయి దిగకపోతే మగ్గం విప్పుకుపోతానని, నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ కబురు పెట్టాడు. కొంగు ఇంకా మిగిలే ఉంది.

మిషనేమో ఓ ఆఫీసువాళ్లది. వాల్వుల్ని నెట్టే పుష్‌రాడ్లలో ఒకటి వంగిపోయింది. మార్కండేయులు కొత్తది వేసి నడిపాడు. వాల్వు టకటకమంది. ఇంజిను ఆపి, అది ఇంకా కాలుతుండగానే మూత విప్పి, వాల్వుని నొక్కే రాకరుకీ వాల్వుకీ మధ్య గ్యాపు కొలిచే గేజీ రేకు దూర్చి నట్టు బిగించాడు. మళ్లీ తాడు లాగితే ఇంజిను దగ్గింది. లోపల మగ్గం కుంటింది. అటూ ఇటూ పోగు మోసే నాడె సగం దారిలో ఆగి, పోగులు తెగాయి.

“వేడి మీద గ్యాపు పెట్టారా?” మాధవీలత లోపల్నుంచి అరిచింది. “గంజి ఆరకుండా పడుగు చుడతారా ఎవరైనా? చల్లారనివ్వండి.”

“టైమెక్కడుందే?”

“కాసేపు కూర్చోండి!”

కూర్చున్నాడు. బతుకులో అంత కష్టమైన పని చెయ్యలేదు. మగ్గం పోతుందేమోనని మాటిమాటికీ ఇంజిను తాకి చూశాడు. ఇంజిను చల్లబడ్డాక గ్యాపు సరిచేశాడు. ఈసారి నాడె హాయిగా ఆడింది.

అంతలో ఆఫీసు సూపర్వైజరు శ్యామ్ సుందర్ వ్యాను తెచ్చాడు.

“పెద్దాఫీసరు వస్తున్నాడండీ. గడ్డి ఇప్పుడే కొట్టాలి. మావాడు రాలేదు.”

“నేను కోస్తా పదండి.”

ఆఫీసు ముందు గడ్డి కోయడం అయిపోయింది. ఇంజిను ఆపబోతుంటే మాధవీలత ఫోను చేసింది.

“ఆపకండి! కొంగు సగంలో ఉంది!”

మార్కండేయులు మొదటికొచ్చి మళ్లీ నడిచాడు.

“కోసిందే కోస్తారేంటండీ?” అన్నాడు శ్యామ్ సుందర్.

“కొంగు మిగిలిందండీ.”

శ్యామ్ సుందర్‌దీ మంగళగిరే. పెట్రోలు డబ్బా తెచ్చి పక్కన పెట్టాడు.

పొద్దు వాలేదాకా మార్కండేయులు తిరుగుతూనే ఉన్నాడు. మళ్లీ ఫోను.

“దిగిందండీ. మాస్టర్ వీవరొచ్చి చీర చూసుకుని, కొత్త పడుగు ఇచ్చి వెళ్లాడు.”

ఇంటికొచ్చి, మగ్గం గుంట అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేశాడు. తండ్రి తిట్టిన కాళ్లతోనే చీర నేశానని తలుచుకుంటే ఏడుపొచ్చింది. మాధవీలత ఎడమచేత్తో కాఫీ అందించింది.

కూర్చునే తాగాడు.