పూల్ బాక్సు

"పూలు ఫ్రీజర్‌లో పెడితే నల్లబడిపోవూ వదినా? అందుకే కిటికీ దగ్గర పెట్టా. నీళ్లు కూడా చిలకరించా."

పరిశోధకురాలు తల పట్టుకుంది. పట్టిన దోమల్ని గుంపులుగా చేసి చిన్న గొట్టాల్లో వేస్తారు. ల్యాబులో ఒక్కో గుంపునూ 'పూల్' అంటారు. అసలు డ్రైవరు జ్వరంతో మంచమెక్కితే మరిదిని పనిలో పెట్టుకుంది. పొద్దున "ఆ పూల్ బాక్సు ఫ్రీజర్‌లో పెట్టు" అని అతనికి చెప్పి మీటింగుకు పరిగెత్తింది. చేసిన పాపం అదే.

"మూత తీసి చూడలేదా?"

"చూశా. నల్లగా ఏవో ఉంటే విత్తనాలనుకున్నా. పొగలు కక్కే మంచుగడ్డలేవో ఉంటే పారబోశా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

ఎండకు సరుకంతా పాడైపోయింది. ఆ దోమల్ని పట్టిన వీధిలోని జ్వరాలు, ప్రయాణాలు చేసొచ్చినవాళ్లు మోసుకొచ్చినవని ఆరోగ్యాధికారి వాదన. అక్కడి దోమల్లోనే వైరస్ ఉందని చూపిస్తే తప్ప ఆయన ఇంటింటికీ మనుషుల్ని పంపడు. సాయంత్రం దోమల మందు కొట్టే పొగబండి తిప్పించి చేతులు దులిపేసుకుంటాడు.

ఆమె ఆయనకు ఫోన్ చేసింది. "ఒక్క రోజు పొగ ఆపండి సార్. దోమల్ని మళ్లీ పట్టాలి."

"జనం నా పీక మీద కూర్చున్నారమ్మా. దోమల కోసం ఆపమంటారా?"

ఆమె, మరిది వెళ్లేసరికి పొగబండి వీధి దాటేసింది. "అయిపోయింది వదినా," అన్నాడు మరిది దగ్గుతూ.

"నోర్మూసుకుని ఆ గొట్టం అందుకో."

మొదటి ఇంటావిడ గుమ్మంలోనే అడ్డం పడింది. "మా ఇంట్లో దోమలా? మందుకైనా ఒక్కటి లేదు," అంటూనే మోచేతి మీద ఫట్‌మని కొట్టుకుంది.

"అయ్యో, చంపేశారా పిన్నిగారూ!" అంది పరిశోధకురాలు.

"చంపక, దానికి ఉయ్యాల వేసి ఊపమంటావా?"

పొగ వీధిలోనే ఆగిపోయింది. లోపల తగిలించిన బట్టల వెనక దోమలు నిక్షేపంగా కాపురాలు చేస్తున్నాయి. చీకటి పడేలోగా గొట్టాలు నిండాయి. తిరుగు ప్రయాణంలో బాక్సును ఆమె ఒళ్లోంచి దించలేదు.

మర్నాడు పరీక్షలో వైరస్ బయటపడింది. అధికారికి ఫోన్ చేసింది.

"ఉంటే ఉంది లెండి. మందు కొట్టించాంగా?"

"మందు కొట్టాక పట్టినవే సార్ ఇవి."



"అయితే ఏం చేయమంటారు?"

"మొదట్నుంచీ అదే మొత్తుకుంటున్నా. ఇంటింటికీ మనుషుల్ని పంపండి. నీళ్ల తొట్లు ఖాళీ చేయించండి."

"మేమూ అదే అనుకుంటున్నామమ్మా," అన్నాడాయన తాపీగా. "రేపు మొదలెట్టిస్తా."

ఆమె పళ్లు నూరుకుంటూ అంది: "చాలా సంతోషం సార్."