సగానికి కోసిన టేకు పెట్టె

నేను ఒక టేకు పెట్టెను. ఇప్పుడు రెండు పెట్టెలం అనాలేమో. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు పుట్టుక చెప్పుకోనివ్వండి, టేకుకు వంశగౌరవం కాస్త ఎక్కువ.

ప్రొద్దుటూరులో దస్తగిరి అనే వడ్రంగి పాత ఇంటి తలుపొకటి కోసి నన్ను తయారు చేశాడు. చేయించుకున్నది హోమియో డాక్టరు నాగభూషణంగారు. నడుమ అడ్డుపలక, అటూ ఇటూ రెండు అరలు. ఆయన సైకిలు వెనక కూర్చుని, తీపి మాత్రల వాసన పీలుస్తూ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాను. ఊరందరికీ మెత్తగా మందిచ్చే ఆ మనిషి సొంత కూతురి దగ్గర మాత్రం చాలా గట్టి. పద్మాక్షి కాలేజీలో ఎన్‌సీసీలో చేరి రైఫిల్ పట్టింది. గురి పెడితే తప్పేది కాదు. ఢిల్లీలో పోటీలకు ఆమె పేరు వస్తే, ఆడపిల్లను అంత దూరం రైల్లో పంపేది లేదని డాక్టరుగారు ఒక్క మాటలో తేల్చేశారు. ఆ రోజు పద్మాక్షి నా మూత మీద తల వాల్చి ఏడ్చింది. చెక్కనే అయినా నాకు బాధేసింది.

తర్వాత ఆమెకు పెళ్లయింది, హైదరాబాదులో టీచరు ఉద్యోగం వచ్చింది. తండ్రి గుర్తుగా నన్ను వెంట తెచ్చుకుంది. నాలో ఏం పెట్టారంటారా? కుంకుడుకాయలు. ఏళ్ల తరబడి కుంకుడుకాయలు. మనుషులు దేన్నయినా గుర్తుగా దాచుకుంటామంటారు గానీ ఖాళీగా మాత్రం ఉంచరు.

నా రాత మార్చింది కోడలు నీరజ. ఆమె రైఫిల్ షూటర్. ఒకరోజు తోడు రమ్మని అత్తగారిని షూటింగ్ రేంజికి తీసుకెళ్లింది. ఊరికే ఒకసారి పట్టుకోమని రైఫిల్ చేతికిచ్చింది. పద్మాక్షమ్మ పట్టుకుంది. మళ్లీ వదల్లేదు. రిటైరైన టీచరమ్మ బోర్లా పడుకుని గురి చూస్తుంటే రేంజిలో వాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. ఆ వారమే కుంకుడుకాయలు బయటికీ, చిన్న చిన్న అట్టపెట్టెల్లో తూటాలు లోపలికీ వచ్చాయి. ఎడమ అర అత్తది, కుడి అర కోడలిది.

మా ఇంట్లో వేరు అన్న మాట లేదు. ఒకే పొయ్యి, ఒకే బీరువా, చివరికి తలనూనె సీసా కూడా ఒకటే. కాబట్టి తూటాల పెట్టె కూడా ఒకటే. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ ఏడు ఇద్దరికీ భోపాల్‌లో జాతీయ పోటీలకు అవకాశం వచ్చింది. పద్మాక్షమ్మకు పెద్దవాళ్ల విభాగంలో. చిన్నప్పుడు ఆగిపోయిన ప్రయాణం ఇన్నాళ్లకు కదిలింది. ఆమె బస్సుకైనా తెల్లారకముందే బయల్దేరే మనిషి, ఇక విమానమంటే అడగాలా? కొడుకు కిరీటి కారులో దించేసరికి విమానాశ్రయంలో మా కౌంటరు ఇంకా తెరవనే లేదు.

తెరిచాక కరుణాకర్ అనే ఉద్యోగి రైఫిళ్లూ కాగితాలూ చూసి అన్నీ బాగున్నాయన్నాడు. తర్వాత నన్ను తూకం మీద పెట్టాడు. అంకె చూసి తల గోక్కున్నాడు.

"అమ్మా, ఇట్ల నడవదు. తూటాలు ఒక్కొక్కరికి పెట్టెతో సహా అయిదు కిలోలే. ఇది ఏడు దాటింది."

"మేము ఇద్దరం కదా నాయనా. పది దాకా ఉండొచ్చు కదా," అంది పద్మాక్షమ్మ.

"ఇద్దరిదీ కలిపి ఒక్క పెట్టెల పెట్టొద్దమ్మా. ఎవరిది వాళ్లకే వేరే ఉండాలె."

"వేరేనా?" అంది పద్మాక్షమ్మ. అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్ల కాపురంలో ఎవరూ అనని మాట అది.

కరుణాకర్ ఓపికగా చెప్పాడు. పేలుడు సరుకు విమానం ఎక్కకూడదు. కానీ ఈ చిన్న తూటాలు ఆ వంశంలో సాధు స్వభావం గలవి, పెట్టెలో ఒకటి పేలినా పక్కవాటికి పెద్దగా హాని ఉండదు. అందుకని ఆటగాళ్లకు మినహాయింపు ఉంది. తూటాలు విడిగా దొర్లకుండా అట్టపెట్టెల్లో ఉండాలి, బయట గట్టి పెట్టె ఉండాలి, సొంతానికే వాడుకోవాలి. ఒకరి వాటా మరొకరి వాటాతో కలవకూడదు. చెబుతూ చెబుతూనే సామాను పరీక్షించే చోట వీళ్ల సంచిలోంచి పక్కకు తీసిన పొట్లం ఒకటి బల్ల మీద పెట్టాడు. "ఇది కూడా పోదమ్మా. ఎండుకొబ్బరి. నూనె ఉంటది కదా, అంటుకుంటది."

"తూటాలు పోతాయి, కొబ్బరి పోదా?"

"అవునమ్మా. రూల్ అట్లనే ఉంది."

పద్మాక్షమ్మ ఇక నవ్వాపుకోలేకపోయింది. నీరజ కూడా నవ్వింది. కాని నవ్వయ్యాక చిక్కు చిక్కుగానే ఉంది. మరో గట్టి పెట్టె కోసం కిరీటి అక్కడి దుకాణాలన్నీ తిరిగి, ఊరగాయల అట్టడబ్బా ఒకటి పట్టుకొచ్చాడు. అది పనికిరాదన్నాడు కరుణాకర్. భోపాల్‌లో వేరే తూటాలు దొరకవచ్చు, కాని రైఫిల్‌కు అలవాటైన బ్యాచ్ తూటాలు మారితే గురి చెదురుతుంది.

"నావి తీసేస్తా అత్తయ్యా. మీవి తీసుకెళ్దాం. నేను వచ్చే ఏడు ఆడతాలే," అంది నీరజ.

"ఆ మాట మళ్లీ అనొద్దు. నేను అట్లనే ఇంట్లో కూచుంటి. నువ్వు కూచోవద్దు," అంది పద్మాక్షమ్మ. నా మూత మీద చెయ్యి వేసింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "రేయ్ కిరీటీ, దీన్ని నడుమకు కోయించు."

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

తూటాలన్నీ కౌంటరు దగ్గర నీరజకు అప్పజెప్పి, ఖాళీగా నన్ను సరుకుల షెడ్డుకు మోసుకెళ్లారు. అక్కడ విమానంలో పంపే యంత్రాలకు చెక్క చట్రాలు కొట్టే భిక్షపతి నన్ను తట్టి చూశాడు. "అమ్మా, గింత మంచి టేకును కోయాల్నా? పాపం తగులుతది."

"మా నాయన పెట్టె అది. నన్ను పంపీలేదు ఆయన. ఇప్పుడు ఆయన పెట్టే నన్ను పంపల్ల. కోయప్పా."

రంపం నొప్పి గురించి చెప్పను, సంతోషంగా ఉన్న కథలో ఆ గొడవెందుకు. అడ్డుపలక ఎడమ సగానికి గోడగా మిగిలింది. కుడి సగానికి గోడ లేకపోతే భిక్షపతి ఏదో యంత్రం తాలూకు చట్రం పలక కొట్టాడు. దాని మీద 'ఈ వైపు పైకి' అన్న బాణం గుర్తు తలకిందులై నేల చూపులు చూస్తోంది. పాత గొళ్లెం ఒకరికి, కొత్త గొళ్లెం ఒకరికి. నా ప్రాణం ఏ సగంలో ఉందో వెతుక్కున్నాను. రెండింట్లోనూ ఉంది. ఎందుకు బెంగపడ్డానా అని నవ్వొచ్చింది.

తిరిగొచ్చేసరికి ఎండుకొబ్బరిని నీరజ కౌంటరు వాళ్లందరికీ పంచేసింది. కరుణాకర్ అది నములుతూనే రెండు సగాలనూ తూచాడు. రెండూ అయిదు లోపే.

భోపాల్ రేంజిలో పద్మాక్షమ్మ చాప పక్కన నా ఎడమ సగం కూర్చుంది. ఆమె ఊపిరి బిగబట్టి ఒక్కొక్క తూటా తీసుకుంటుంటే నేనూ బిగబట్టాను. ఆమెకు వెండి పతకం వచ్చింది. తనకు పతకం రాని నీరజ అత్తగారిని వాటేసుకుని అందరికంటే గట్టిగా అరిచింది.

తిరుగు ప్రయాణంలో కౌంటరు అమ్మాయి నా ఎడమ సగం తెరిపించి, మిగిలిన తూటాల మధ్య దాచిన పతకం చూసింది. ఇది పెట్టెలో ఉండాల్సింది కాదు, మెడలో వేసుకోండి, దానికి తూకం లేదు అని హిందీలో చెప్పింది. పద్మాక్షమ్మ సిగ్గుపడుతూనే వేసుకుంది. హైదరాబాదు దాకా తీయలేదు.

ఇంటికి రాగానే కిరీటి జిగురు సీసాతో తయారయ్యాడు. "అతికించేద్దామా అమ్మా? తాతయ్య పెట్టె కదా."

"అతకొద్దురా," అంది పద్మాక్షమ్మ, మమ్మల్ని పక్కపక్కన అలమరలో సర్దుతూ. "మళ్లీ పోవల్ల కదా మేము."