నల్ల స్క్రీను పెళ్ళికొడుకు

పెళ్ళిచూపుల్లో వంట వచ్చా అని అడిగినవాళ్ళను చూశాను. ఉద్యోగం మానేస్తావా అని అడిగినవాళ్ళనూ చూశాను. మెయిలు ఎందులో చదువుతావు అని అడిగిన మహానుభావుడు మాత్రం హరిహరన్ ఒక్కడే. బ్రౌజరులో చదువుతానని చెప్పాను. ఎంగిలి గ్లాసులో మంచినీళ్ళు అందించినట్టు నా వైపు చూసి, చేతిలోని కేసరి ప్లేటు పక్కన పెట్టేశాడు. అమ్మ కేసరిలో తీపి తక్కువైందేమోనని కంగారుపడింది.

అతనిది మా రాజపాళయం దగ్గరి సేత్తూరు. కోయంబత్తూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శనివారం బస్సెక్కి ఊరికి వస్తాడు. నేను రాజపాళయంలోనే ఒక బ్యాండేజీ గుడ్డ ఎగుమతి చేసే కంపెనీలో పని చేస్తాను. పరదేశపు కొనుగోలుదార్ల మెయిళ్ళన్నీ నా చేతి మీదుగానే పోవాలి. రోల్సు ఫోటోలు, పెట్టె మీద అంటించే లేబుళ్ళు, రంగులు వేసి మార్చిన కొలతల పట్టికలు, అన్నీ వెబ్‌మెయిల్లోనే వస్తాయి. దాని మీద నాకు ప్రేమేమీ లేదు. పొద్దున తెరిస్తే నిన్న ఉన్న బటను ఉండదు. వచ్చిన ప్రతి ఉత్తరం కింద, నాకు నోరు లేనట్టు, తయారు చేసిన జవాబులు పేర్చి పెడుతుంది. అయినా పని జరుగుతుంది కదా. చీపురు మంచిదా చెడ్డదా అని ఎవరూ ఊరంతా తిరిగి చాటరు.

హరిహరన్ చాటుతాడు. అతను మెయిళ్ళు చదివేది ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్లో. నల్ల స్క్రీను, దాని మీద పచ్చటి అక్షరాలు, అంతే. బొమ్మలు కనిపించవు, రంగులు కనిపించవు, లావు అక్షరాలు కనిపించవు. మౌస్ ముట్టుకోడు. అన్నీ కీబోర్డు మీదే, ఒక వేలు ఇక్కడా ఒక వేలు అక్కడా పెట్టి నొక్కుతాడు. వెబ్‌మెయిల్ వాడేవాళ్ళంటే అతనికి ఎంత చులకనో మొదటి రోజే అరగంటసేపు మా నాన్నకు వివరించాడు. నాన్న మామిడితోట తప్ప ఇంకోటి ఎరగడు, అన్నింటికీ తలాడించాడు. అబ్బాయికి చెడ్డ అలవాట్లు లేవని ఆ రాత్రికే తేల్చేశాడు.

నిచ్చయం, అంటే నిశ్చితార్థం, అయ్యాక వేరే జంటలు ఫోన్లు చెవికి అతికించుకుని తిరుగుతాయి. మాకు ఆ భాగ్యం లేదు. వాట్సాప్ అతను పెట్టుకోడు. ఫోను మోగితే ఎవరో చొక్కా పట్టుకుని లాగినట్టుంటుందట. కాబట్టి మా ముచ్చట్లన్నీ మెయిల్లోనే. కాబోయే పెళ్ళానికి అతను రాసిన మొదటి మెయిల్లో ఏముందంటారా? నియమాలు. ప్లెయిన్ టెక్స్టులోనే, అంటే ఏ అలంకారమూ లేని ఉత్త అక్షరాలుగానే పంపాలి. జవాబు పైన రాయకూడదు, అతని లైను కింద రాయాలి. లైను మరీ పొడుగు పోకూడదు. ఆ మెయిల్లో నా పేరు ఒక్కసారి వచ్చింది, ప్లెయిన్ టెక్స్ట్ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో నేను చెప్పలేను.

ఒళ్ళు మండింది. కానీ ఆఫీసు కంప్యూటర్లో అలా పంపడానికి ఒక చోట టిక్ పెడితే చాలని కనుక్కుని, పెట్టాను. నిజం చెప్పాలంటే, అడిగినదానికి అతను బదులు ఇచ్చేవాడు. మా కంపెనీలో మగ్గాల చప్పుడు గురించి రాస్తే మగ్గం ఎలా తిరుగుతుందని అడిగాడు. గొప్పలు రాయలేదు, అబద్ధాలు రాయలేదు. ఈ మాత్రం మనిషి దొరకడం కూడా కష్టమేనని సర్దుకున్నాను.

ఇక అసలు సంగతి. నాకు పదకొండో తరగతి నుంచి ఫిట్స్ ఉన్నాయి. పొద్దునా రాత్రీ మాత్ర వేసుకుంటాను. ఈమధ్య చాలాకాలంగా రాలేదు, డాక్టరు కూడా పెళ్ళి చేసుకోవచ్చనే చెప్పాడు. అమ్మ మాత్రం ఈ మాట ఇల్లు దాటకూడదని ఒట్టు పెట్టించుకుంది. తాళి కట్టాక మెల్లగా చెప్పుకోవచ్చని ఆమె లెక్క. నాకది నచ్చలేదు. నన్ను చేసుకునేవాడికి నేను ఏమిటో తెలియాలి. తెలిసి వద్దంటే పోనీ, తెలియకుండా చేసుకుని తర్వాత నెత్తి కొట్టుకునేవాడితో కాపురం నేను చేయలేను.

ఆఫీసులో రాద్దామంటే పక్క సీటు సుగంధి అక్క నా స్క్రీనులోనే కాపురం ఉంటుంది. అందుకే ఒక సాయంత్రం మేడ ఎక్కి, ఆరేసిన బట్టల మధ్య కూర్చుని, ఫోన్లో రాశాను. ఇంగ్లీషులో రాశాను, ఇలాంటివి పరాయి భాషలో రాస్తే సిగ్గు కొంచెం తగ్గుతుంది. జబ్బు పేరు, మాత్ర పేరు, అన్నీ రాశాను. అంతటితో ఆపలేదు. పరీక్ష హాల్లో పడిపోయిన రోజు కూడా రాశాను. కళ్ళు తెరిచేసరికి నా స్నేహితురాళ్ళు బెంచీలు వెనక్కి లాక్కుని గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఒక్కతీ దగ్గరికి రాలేదు. ఎప్పుడో ఒకరోజు కళ్ళు తెరిచేసరికి మీ ముఖం కూడా అలా గోడ దగ్గర కనిపిస్తుందేమోనని భయంగా ఉంది అని రాశాను. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి, తప్పు పట్టను అని ముగించి పంపేశాను.

మర్నాడు పొద్దున అతని మెయిలు వచ్చింది. కల్యాణ మండపంలో జనరేటరు ఉందా లేదా అని. నా ఉత్తరం గురించి ఒక్క ముక్క లేదు. ఆ తర్వాత ఇంకో మెయిలు, శుభలేఖ ఏ రంగులో ఉంటే బాగుంటుందని. ఆ తర్వాత తళవాయిపురంలో ఉండే మామ ఒకాయన ఇంటికి ఎవరు వెళ్ళి పిలవాలని. మనిషి మారలేదు. మాట మారలేదు. ఆవణి నెలకు పెట్టిన పెళ్ళి ముహూర్తం కూడా మారలేదు.

అప్పుడు నాకు అర్థమైందనుకున్నాను. చదివాడు, ఇందులో పెద్దగా చెప్పడానికేముందని పక్కన పెట్టాడు. జాలి మాటలు రాయలేదు, ధైర్యం చెప్పలేదు, గొప్ప త్యాగం చేస్తున్నట్టు పోజు కొట్టలేదు. నా జన్మలో నన్ను ఎవరూ అంత మామూలుగా చూడలేదు. ఆ మౌనానికి నేను మనసులో దండం పెట్టుకున్నాను. అతని పొట్టి లైన్లు, అతని నియమాలు, అతని మౌస్ మీద కోపం, అన్నీ క్షమించేశాను. క్షమించడం ఏమిటి, ప్రేమించాను. ఆఫీసులో ఎవరైనా వెబ్‌మెయిల్ బాగుందంటే నేనే మూతి విరిచే స్థితికి వచ్చాను.

ఒక ఆదివారం అతను మా ఇంటికి వచ్చాడు. నా ల్యాప్‌టాప్‌లో తన ఎడిటరు వేసి, మెయిలు చదవడం నేర్పుతానని. కల్యాణానికి ముందే నేర్చుకుంటే మంచిదట. నాన్న తోటకు పోయాడు. అమ్మ వంటింట్లో వడలకు పిండి రుబ్బుతోంది. హాల్లో చాప వేసి, రెండు ల్యాప్‌టాప్‌లూ పక్కపక్కన పెట్టాడు. ఇక నా జీవితంలో వెబ్‌మెయిల్ ఉండదు అన్నంత భక్తితో నేనూ కూర్చున్నాను. ఆ మనిషి కోసం తాటాకుల మీద మెయిలు చదవమన్నా చదివి ఉండేదాన్ని.

ముందు తన స్క్రీను చూపించాడు. ఎడమ పక్క పెట్టెల వరస. కంపెనీ, కుటుంబం, బ్యాంకు, చివర కుప్ప. కుప్ప అంటే మా వైపు చెత్తే. అందులో ఏముందని అడిగాను. అతని ముఖం వెలిగిపోయింది. ఆ ఫిల్టరు తనే రాశాడట. ప్లెయిన్ టెక్స్ట్ కాకుండా ఏ మెయిలు వచ్చినా తనంతట తానే అందులో పడిపోతుంది. అతని కంటికి కూడా కనిపించదు. స్నేహితులందరూ ఇప్పటికే దారికి వచ్చారట. రానివాళ్ళకు అవసరమైతే వాళ్ళే నేర్చుకుంటారట.

"ఎవరు పంపినా అందులోనేనా?" అని అడిగాను.

"ఎవరు పంపినా అంతే. నువ్వు సరిగానే పంపతా ఉండావు గదా."

"ఒకటి ఫోన్లోనించి పంపినాను."

"ఫోన్లోనించి పంపితే ప్లెయిన్ టెక్స్ట్ రాదు. అది కుప్పలోనే దా ఉంటాది," అన్నాడు. కోపంగా కాదు, చిన్నపిల్లకు చెప్పినట్టు దయగానే.

రెండు కీలు నొక్కాడు. అక్కడే ఉంది. ఒక చీరల దుకాణం ఆడి నెల తగ్గింపు ధరలకీ, ఒక క్రెడిట్ కార్డు ప్రకటనకీ మధ్య, చదవలేదన్న గుర్తుతో నా ఉత్తరం కూర్చుని ఉంది. అతను తెరిచాడు. కాస్త వెనక్కి జరిగి కూర్చుని నేను అతని మెడనే చూస్తున్నాను. చివరిదాకా చదివాడు. మళ్ళీ మొదటికి వెళ్ళాడు. ఇక నా వైపు తిరుగుతాడు అనుకున్నాను. ఏమంటాడో అన్న భయం కంటే, తిరుగుతాడన్న ఆశే నాలో ఎక్కువగా ఉంది.

"ఇది ప్లెయిన్ టెక్స్ట్‌లో పంపి ఉంటే ఆ పొద్దే చూసి ఉందును," అన్నాడు స్క్రీనుకే.

వేళ్ళు కీబోర్డు మీద ఆడడం మొదలుపెట్టాయి. మూసేస్తున్నాడేమో అనుకున్నాను. కాసేపటికి నా చేతిలో ఫోను మోగింది. కొత్త మెయిలు. రెండు మూరల దూరంలో కూర్చున్న మనిషి నాకు జవాబు పంపాడు.

చదివాను. నా లైన్లు ఒక్కొక్కటీ, ముందు బాణం గుర్తుతో. వాటి కింద అతని బదులు. ఫిట్స్ ఉన్నాయన్న లైను కింద, కడపట ఎప్పుడు వచ్చింది అని. మాత్ర పేరు కింద, బిడ్డ కడుపులో ఉన్నప్పుడు వాడవచ్చా, డాక్టరును అడిగి చెప్పు అని. ఇష్టం లేకపోతే చెప్పండి అన్న లైను కింద రెండే మాటలు, నో అబ్జెక్షన్. అంతటితో అయిపోయింది. పరీక్ష హాలు లేదు. వెనక్కి లాగిన బెంచీలు లేవు. గోడ దగ్గర కనిపించబోయే ముఖం గురించి నేను రాసిన భయం లేదు. కిందికీ పైకీ జరిపి చూశాను, ఎక్కడా లేవు.

"మిగతా లైన్లు ఏమైనాయి?"

"బదులు అవసరం లేనివి కత్తిరించేస్తాను. చదివేవాళ్ళకు సులువు," అని ఈసారి సగం తిరిగి చెప్పాడు, మర్యాదగానే.

నేను ఆ మెయిలు రాసిందే ఆ లైన్ల కోసం. మిగతాది డాక్టరు చీటీ చూపించినా తెలుస్తుంది. నాకు ఏడుపు రాలేదు. రోత పుట్టింది. అతను దుర్మార్గుడు కాదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. ఈ మాట విని పారిపోయేవాళ్ళు మా బంధువుల్లోనే చాలామంది ఉన్నారు. ఇతను పారిపోలేదు, మునిసిపాలిటీ ఆఫీసులో కాగితం మీద ముద్ర కొట్టినట్టు కొట్టి, నన్ను పాస్ చేశాడు. కానీ నేను దండం పెట్టుకున్న మౌనం ఇతనిది కాదు. అది ఫిల్టరుది. ఇన్నాళ్ళూ నేను ఒక ఫిల్టరును ప్రేమించి, దానితో కాపురానికి చీరలు సర్దుకుంటున్నాను.

అమ్మ వడల ప్లేటుతో వచ్చింది. మా ఇద్దరి ముఖాలూ చూసి ఏమైందని అడిగింది.

"ఏమీ లేదు అత్తా. ఫిట్స్ సంగతి యామిని రాసి ఉండాది. నేను ఒప్పుకొంటిని, నాకు అబ్జెక్షన్ లేదు," అన్నాడు హరిహరన్.

అమ్మ ముందు నన్ను చంపేసేలా చూసింది, తర్వాత కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ప్లేటు కింద పెట్టి, దేవుడు మాదిరి వచ్చినాడని అతనికి చేతులు జోడించింది. అతను ఇబ్బందిగా నవ్వి, ఒక వడ తీసుకుని, నా ల్యాప్‌టాప్ తన వైపు జరుపుకున్నాడు. ఎడిటరు వేసే పని ఇంకా మిగిలే ఉంది మరి.

దాన్ని మూసి, అతని ముందు నుంచి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను.

"అమ్మా, నాకు ఈ కల్యాణం వద్దు."

అమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నా భుజం పట్టుకుని ఊపింది. ఆయనే సరి అని చెప్పినాక నీకేమి వచ్చినాదే, ఇట్లాంటి పిల్లోడు మళ్ళీ దొరుకుతాడా అని ఏడుస్తూ అడిగింది. ఇప్పటికీ అడుగుతూనే ఉంది. హరిహరన్ మాత్రం కోప్పడలేదు. చేతిలో సగం వడతో, మొట్టమొదటిసారి పూర్తిగా నా వైపు తిరిగాడు. అతని కళ్ళల్లో నిజంగానే ఏమీ అర్థం కానితనం ఉంది.

"నేను ఒప్పుకొంటిని గదా. వద్దంటే కారణం చెప్పాల గదా."

"చెప్పినాను. మీరు కత్తిరించినారు," అన్నాను.