కప్పు కింద పోయిండు

గజేందర్‌ను గుడిసెలోంచి బయటికి తెచ్చినప్పుడు అతని చేతిలో ఇంకా పచ్చిక పెడ్డ ఉంది. దాన్ని విడిపించడానికి జలంధర్ ఒక్కొక్క వేలే తెరవాల్సి వచ్చింది. మిట్టమధ్యాహ్నం. ఎక్కడా నీడ లేదు. నా పక్కన నిలబడ్డ రూలీ తన టోపీ తీసి గజేందర్ ముఖానికి అడ్డం పట్టింది. టోపీని పక్కకి జరగనివ్వలేదు.

"నీళ్ళు! నీళ్ళు పట్టుకరాండ్రి!" అని గయాజ్ అరుస్తున్నాడు. నీళ్ళొచ్చాయి. తాగేవాడు లేడు.

ఇది నేను చూసింది. ఎవరో చెబితే విన్నది కాదు.

దోహా దాటాక ఎడారిలో ఒక ధనవంతుడు తన తోటలో నెదర్లాండ్స్ పల్లెటూరు కట్టిస్తున్నాడు. డ్రెంథె అనే ప్రాంతపు పల్లె. మనుషులూ పశువులూ ఒకే గడ్డి కప్పు కింద బతికిన పొడవాటి ఇళ్ళు, మధ్యలో ఊరుమ్మడి పచ్చిక, ఊరి చివర పేదవాళ్ళ మట్టి గుడిసెలు. టికెట్ కొన్నవాళ్ళు లోపలికొచ్చి చరిత్ర చూస్తారు. రూలీ ఆ ప్రాంతపు మనిషి. తన ఊళ్ళో ఒక చిన్న మ్యూజియం నడుపుతుంది. ఇక్కడికి సలహాదారుగా వచ్చి, దోహాలోని అల్ అజీజియాలో మా పక్క ఫ్లాట్‌లో దిగింది. పనివాళ్ళు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వాళ్ళు. రూలీకి ఇంగ్లీషు తప్ప వేరే దారి లేదు.

"నువ్వు నా నోరుగా రావాలి, సునందా," అంది. హిస్టరీలో డిగ్రీ చేసి, పెళ్ళయ్యాక పోపులపెట్టెలు సర్దుకుంటూ కూర్చున్న నేను వెంటనే ఒప్పుకున్నాను.

ఉదయాలు టీ వేళకి ఆమె కథలు చెప్పేది. తన ముత్తాతలు బురదనేలలో నల్లమట్టి కోసేవారట. ఆ మట్టిని ఎండబెడితే కట్టెల్లా మండుతుంది. ఆ మంటతోనే పట్నాలు వెచ్చగా ఉండేవి. కోసినవాళ్ళు మాత్రం గడ్డిపెడ్డల గుడిసెల్లో, సగం నేలలో కూరుకుపోయి బతికారు. కాలువ యజమానిది, నేల యజమానిది, సరుకులమ్మే దుకాణమూ యజమానిదే. వేరేచోట ఉప్పు కొన్నా పని పోయేది.

నేను తెలుగులో చెప్పేసరికి జలంధర్ నోరు తెరిచాడు. "తెల్లోళ్ళల్ల గూడ కూలోళ్ళున్నరా అక్కా?"

"దొరలున్నకాడ కూలోళ్ళు లేకుంట ఎట్లుంటర్రా, పిచ్చోడా," అన్నాడు గజేందర్. అందరికంటే చిన్న మాటలు, పెద్ద నవ్వు అతనివి. "మరి ఏం జేశిండ్రంట? అట్లనే సచ్చిండ్రా?"

రూలీ నవ్వింది. చావలేదు, పని మానారు అంది. గుంపుగా కాలువ కాలువకీ తిరిగి, పని చేస్తున్నవాళ్ళని గుంతల్లోంచి లేపుకొచ్చారు. సిపాయిలొచ్చినా లేపుకొచ్చారు.

ఇంకోమాట కూడా చెప్పింది. వాళ్ళ దగ్గర పక్కింటివాణ్ణి 'నోబర్' అంటారు. అది చుట్టరికం కంటే గట్టిది. ఇంట్లో ఎవరైనా పోతే ఇంటివాళ్ళు వేలెత్తనక్కరలేదు. నోబర్లే స్నానం చేయిస్తారు, గడియారం ఆపుతారు, పాడె మోస్తారు. చావు కబురు ఒక ఇల్లు పక్కింటికి చెప్పాలి, ఆ ఇల్లు దాని పక్కింటికి. కబురు మధ్యలో ఆగితే, ఆపిన ఇంటికి మచ్చ.

"మా మస్జిద్‌ల ఎలాన్ జేస్తరు," అన్నాడు గయాజ్.

"మాకు డప్పు," అన్నాడు జలంధర్.

"క్యాంపుల సస్తే?" అన్నాడు గజేందర్. "క్యాంపుల సస్తే బస్సుల సీటు ఖాళీ అయితది. గంతే."

అందరూ నవ్వారు. రూలీకి ఆ మాట అనువదించాను. ఆమె నవ్వలేదు. గజేందర్ చెయ్యి పట్టుకుని, "ఇక్కడ నేను మీ నోబర్‌ని," అంది. ఆ రోజు వాళ్ళ డబ్బాలోని పచ్చిపులుసు తాగి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఇంకా పొయ్యమంది.

ఎండాకాలం మిట్టమధ్యాహ్నపు వేళల్లో ఆరుబయట పని చేయించకూడదని ఈ దేశంలో చట్టం ఉంది. అది సైట్ మేనేజర్ సాయిబాబుకి బాగా తెలుసు. రాజమండ్రి వైపు మనిషి. గొంతు ఎప్పుడూ పెంచడు.

"కప్పు ముందు వేసెయ్యండి, గోడలు తర్వాత," అన్నాడు ఒకరోజు.

"గోడలు లేకుంట కప్పేంది సార్?" అన్నాడు జలంధర్.

"గుంజలున్నాయి కదయ్యా, నిలబడుద్ది. కప్పు వేశాక అది ఇల్లే కదా. ఇంట్లో పనికి నిషేధం ఎక్కడుంది? మధ్యాహ్నం కూడా హాయిగా నీడపట్టున చేసుకోవచ్చు."

అలా గుడిసెల కప్పులు ముందు లేచాయి. పచ్చిక ఎండిపోకుండా పైన నీళ్ళు కొట్టే గొట్టాలు పెట్టారు. మధ్యాహ్నం లోపల కూర్చుని పెడ్డలు పేరుస్తుంటే, పై నుంచి ఎండ, పెడ్డల నుంచి తడి. ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టు. నేను తల లోపల పెట్టి చూసి, ఊపిరాడక వెనక్కి వచ్చాను. రూలీతో చెప్పాను. ఆమె సాయిబాబుతో చెప్పింది. "ప్రారంభోత్సవం దగ్గరపడింది మేడమ్," అన్నాడతను. ఆ తర్వాతే గజేందర్ పోయాడు.

మొదటి గుడిసెలోనే ఇది జరిగింది. ఇంకా వరసంతా మిగిలి ఉంది.

సాయంత్రానికల్లా సాయిబాబు చెప్పే కథ తయారైంది. గజేందర్ పనిలో లేడు, విశ్రాంతి షెడ్డులో పడుకున్నాడు, నిద్రలో గుండె ఆగింది. మధ్యాహ్నం గుడిసెలో ఎవరూ లేరు. ఊళ్ళో గజేందర్ తల్లి సాయవ్వకి ఫోన్ చేసి అదే చెప్పాడు. ఆమె "మా కొడుకు పగటిపూట పండడు బిడ్డా, దుబాయ్‌కి పోయినంక పండుడు నేర్సిండా?" అని అడిగిందట. ఆమెకి గల్ఫంతా దుబాయే.

జలంధర్ నన్ను ఒకే ఒక్క మాట అడిగాడు. "ఆమె చెప్తదా అక్కా? తెల్లామె సూసింది గదా. మా మాట పక్కకి వెడ్తరు. ఆమె మాట వెట్టరు."

రూలీని అడిగాను. నా రెండు చేతులూ పట్టుకుంది. "చూశాను. చెప్తాను. చెప్పకపోతే నేనేం నోబర్‌ని?" అంది. ఆ మాటని నేను జలంధర్‌కి తెలుగులో చెప్పాను. అతను క్యాంపంతా చెప్పాడు.

విచారణ తోటలో కట్టిన పొడవాటి ఇళ్ళలో పెద్దదాంట్లో పెట్టారు. ఆ ఇంట్లో ఏసీ అప్పటికే పనిచేస్తోంది. లేబర్ ఆఫీసు నుంచి వచ్చిన అధికారి ఓపికగల మనిషి. జలంధర్‌ని విన్నాడు, గయాజ్‌ని విన్నాడు. వీళ్ళిద్దరూ ఆ వేళకి భోజనాల షెడ్డులో ఉన్నారని సాయిబాబు ఇంకో ఇద్దరి చేత చెప్పించాడు. అధికారి రూలీ వైపు తిరిగాడు.

రూలీ టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నేను మధ్యాహ్నానికి ముందే సైటు వదిలి వెళ్ళాను," అంది. "నాకు తెలిసినంతవరకు ఆయన విశ్రాంతి తీసుకుంటున్నాడు."

నేను అనువదించాలి. వెనక బెంచీల మీద పనివాళ్ళంతా నా నోటి వంకే చూస్తున్నారు.

"సరిగ్గా చెప్పాలి కదా," అన్నాను రూలీతో ఇంగ్లీషులో. "ఒక్క మాట కూడా జారకూడదు. మళ్ళీ చెప్పండి."

మళ్ళీ చెప్పింది. ఈసారి నా వైపు చూడలేదు. ఆమె మాటల్ని నేను తెలుగులో పెట్టాను. ఒకటి తీయలేదు, ఒకటి కలపలేదు.

జలంధర్ లేచాడు. "ఇంకొకసారి చెప్పక్కా."

చెప్పాను.

"మరి గా టోపీ ఎవలు వట్టిండ్రు గజేందర్ మొకానికి? దయ్యం వట్టిందా?"

దాన్ని ఇంగ్లీషులోకి మార్చాను. రూలీ టోపీని ఒళ్ళోంచి తీసి బెంచీ కింద పెట్టింది.

"నేను చూశాను," అన్నాను అధికారితో. "ఆమె పక్కనే ఉన్నాను."

సాయిబాబు మెల్లగా దగ్గాడు. "సునంద గారు రూలీ గారి వెంట వస్తారు, రూలీ గారి వెంట వెళ్తారు సార్. ఆవిడ కారులోనే. ఆవిడ లేని వేళ ఈవిడ ఇక్కడ ఎలా ఉంటారండీ?"

అధికారి నా వైపు చాలాసేపు చూశాడు. నమ్మాడనే అనుకుంటాను. కానీ నమ్మకం సాక్ష్యం కాదు.

కారు దగ్గర రూలీ ఏడ్చింది. ఈ తోట యజమానే తన ఊరి మ్యూజియం నిలబెడతానన్నాడట. లేకపోతే అది మూతపడుతుంది. "మా ముత్తాతల గుర్తులన్నీ అందులోనే ఉన్నాయి సునందా. మట్టి కోసిన పారలు, వాళ్ళ చెక్క చెప్పులు. అది పోతే వాళ్ళు లేనట్టే. వీళ్ళకి అర్థమయ్యేట్టు చెప్పు."

"వాళ్ళకి అర్థమైంది," అన్నాను. ఆ రోజు ఇంటికి టాక్సీలో వచ్చాను.

శుక్రవారం సెలవు. మధ్యాహ్నం గయాజ్ ఫోన్ చేశాడు. "ఆపా, స్పీకర్ వెడ్తున్న. అందరున్నరు. గా నోబర్ల కథ మల్లొకసారి చెప్పు. ఉన్నది ఉన్నట్టు."

చెప్పాను. గడియారం ఆపడం, ఇంటి నుంచి ఇంటికి కబురు, ఆపిన ఇంటికి మచ్చ.

"ఆమె ముచ్చట మనకెందుకు?" అని ఎవరో అరిచారు. "మోసం జేసిన ముండ!"

"నోరు మంచిగ వెట్టు, అక్క ఇంటున్నది."

"ఇననియ్యి! మన పులుసు తాగి మన మెడ కోసింది."

తిరుమల గొంతు గుర్తుపట్టాను. పిరికివాడని అందరూ ఏడిపించే మనిషి. "పని బందు వెడితే బండెక్కిచ్చి ఎయిర్‌పోర్టుల దించుతరు. ఇద్దరు ముగ్గుర్ని పట్టుకపోతే మిగిలినోళ్ళు ఎల్లుండి పనికి ఉరుకుతరు. నేను సూడలేదా ముందటి కంపెనీల? ముందుగాల లీడర్ ఎవడని అడుగుతరు. ఎవడో ఒకడు పేరు చెప్తడు."



"లీడరే లేకపోతే?" అన్నాడు జలంధర్. "మనం బందు వెడ్తలేం. చావు కబురు చెప్పుకుంటున్నం. పక్క రూమోనికి నువ్వు చెప్పు, వాడు వాని పక్క రూమోనికి. చావు ఇన్నంక పనికి పోతరా ఎవలన్నా?"

"గది ఆమె చెప్పిన మాటనే గదా!"

"మాట ఆమెది గాదురా. బురదల సచ్చిన ఆమె ముత్తాతలది. ఆమె కింద పారేసింది. మనం ఎత్తుకుందం."

"నేపాలోళ్ళ రూములున్నయ్, బెంగాలోళ్ళయి ఉన్నయ్," అన్నాడు తిరుమల, ఇంకా అనుమానంగానే.

"ఔర్ క్యా, వాళ్ళు పక్క రూమోళ్ళు గాదా?" అన్నాడు గయాజ్.

ఏం చెప్పాలన్నది వాళ్ళే కుదుర్చుకున్నారు. గజేందర్ పోయిండు. షెడ్డుల గాదు, పనిల, కప్పు కింద పోయిండు. ఇంకా కప్పులున్నయ్. మీ పక్కోళ్ళకు చెప్పుండ్రి.

శనివారం తెల్లవారి బస్సు వచ్చి హారన్ కొట్టింది. డ్రైవర్ దిగి "యల్లా, యల్లా" అంటూ తలుపులు బాదాడు. గదుల ముందు మనుషులు కూర్చుని ఉన్నారు. ఒక్కరూ లేవలేదు. గదుల్లో గోడ గడియారాలు ఆగిపోయి ఉన్నాయి.

పోలీసు అధికారికి అనువాదానికి నన్నే పిలిపించారు. సాయిబాబు ఒకరినే పేరు చెప్పమంటున్నాడు. "మీరంతా మంచోళ్ళే. రెచ్చగొట్టినోడెవడో చెప్పండి చాలు."

"నీకు ఎవరు చెప్పారు?" అని అధికారి మొదటి మనిషిని అడిగాడు.

"పక్క రూమోళ్ళు," అన్నాడు.

పక్క గదికి వెళ్ళాం. "మాకు గీ పక్కోళ్ళు." ఆ పక్కకి వెళ్ళాం. నేపాల్ వాళ్ళు హిందీలో అదే చెప్పారు. బెంగాల్ వాళ్ళు వేలితో చూపించారు. వరండా తిరిగాం, మెట్లెక్కాం, దిగాం. అధికారి చొక్కా తడిసిపోయింది. సాయిబాబు తిరుమల ముందు ఆగాడు.

"నువ్వు పిల్లలున్నోడివి తిరుమలా. నీకు ఎవడు చెప్పాడు?"

తిరుమల ఒక అడుగు వెనక్కి వేశాడు. నాకు భయమేసింది.

"పక్కోడు చెప్పిండు సార్," అన్నాడు. "నేను అవతలోనికి చెప్పిన. మీకు ఇంకెవలు చెప్పలేదా? అయితే నేను చెప్త ఇనుండ్రి. గజేందర్ పోయిండు. షెడ్డుల గాదు, పనిల, కప్పు కింద పోయిండు. ఇంకా కప్పులున్నయ్."

వెనక ఎవరో ఈల వేశారు. చివరికి జలంధర్ గదికి చేరాం. అందులో రెండు మంచాలు. ఒకటి ఖాళీ.

"నీకు ఎవరు చెప్పారు?"

జలంధర్ ఖాళీ మంచం చూపించాడు. "నా పక్కోడు ఆయననే సార్. ఆయననే చెప్పిండు."

జలంధర్‌నీ గయాజ్‌నీ తీసుకెళ్ళారు. కారణం అడిగితే విచారణ అన్నారు. వ్యాన్ గేటు దాటేదాకా గదుల ముందు మనుషులు నిలబడే ఉన్నారు. తర్వాత మళ్ళీ కూర్చున్నారు. ఆ రోజూ మర్నాడూ కప్పుల కిందికి ఒక్కరూ పోలేదు.

ఆదివారం నేను మా ఆయనకి అన్నం వడ్డించి బయటికి వచ్చాను. "ఎక్కడికి? మన వీసా సంగతి ఆలోచించావా?" అన్నాడాయన.

"పక్కింటికి," అన్నాను.

రూలీ తలుపు తీసింది. వెనక సూట్‌కేసు కనిపిస్తోంది.

"నోబర్‌కి కబురు చెప్పాలి కదా," అన్నాను. "గజేందర్ చనిపోయాడు. పనిలో, కప్పు కింద, మధ్యాహ్నం. ఇంకా కప్పులున్నాయి. జలంధర్‌నీ గయాజ్‌నీ పట్టుకెళ్ళారు. అవతలి ఫ్లాట్‌కి చెప్పాల్సింది మీరు."

ఆమె నన్ను చూసింది. ముత్తాతల గుడిసెల గురించి చెప్పినప్పటి కళ్ళే. తలుపు మెల్లగా మూసింది. గడియ పడిన చప్పుడు విన్నాను.

నేను ఆమె గుమ్మం దాటి అవతలి గంట నొక్కాను. నజియా వచ్చింది. లిఫ్ట్‌లో చిరునవ్వు తప్ప మా మధ్య మాటల్లేవు. కబురు అంతా విని, చున్నీ తలమీదికి లాక్కుంది. "పక్కింటికి చెప్పాలె, అంతేనా?" అని చెప్పులేసుకుంది.

మంగళవారం పొద్దున మా గంట మోగింది. గుమ్మంలో నేనెప్పుడూ చూడని ఆమె. పేరు బిల్కిస్ అట, వెనక బిల్డింగ్ నుంచి వచ్చింది.

"మీకు తెలుసో లేదో, ఒక కబురుంది," అంది. "గజేందర్ అని ఒకాయన పోయిండంట. షెడ్డుల గాదు, పనిల, కప్పు కింద."

నేను వింటూ నిలబడ్డాను. పేరు సరిగ్గా ఉంది. చోటు సరిగ్గా ఉంది. ఇన్ని గుమ్మాలు తిరిగినా మాట అరగలేదు.

"ఇంకొకటి," అంది గొంతు తగ్గించి. "మా ఆయన బస్సుల కంపెనీల సూపర్‌వైజర్. ఆ గుడిసెల పనికి తుమామా అవతలి క్యాంపు నుంచి కొత్తోళ్ళను తెమ్మని రాత్రి ఆర్డర్ వచ్చింది. పొద్దున బండి పంపిచ్చిండు."

"వచ్చారా?"

"వాళ్ళకు గూడ ఎవరో పక్కోళ్ళు చెప్పినరంట. బండి ఖాళీగ వచ్చింది."