తెర మీద ఒక్క పేరే

మా బావగారికి ఏ పాస్‌వర్డూ వారం దాటి గుర్తుండదు. మరిచిపోయానని ఒప్పుకుంటే పెద్దరికానికి తక్కువ కాబట్టి, మరిచిపోయినప్పుడల్లా మావారి చేత కొత్త పేరుతో ఇంకో అకౌంటు తెరిపించుకుంటారు. ఆ పుణ్యమా అని మా ప్రెస్సు కంప్యూటర్ ఆన్ చేయగానే 'ప్రొప్రయిటర్', 'ప్రొప్రయిటర్ కొత్త', 'ప్రొప్రయిటర్ అసలు' అంటూ ఆయనే వరసగా దర్శనమిచ్చేవారు. వాటి కింద ఎప్పుడో పని మానేసినవాళ్ల పేర్లు. అన్నిటికీ అడుగున నా పేరు. ఆ ప్రెస్సులో డీటీపీ చేసేది మాత్రం నేనొక్కదాన్నే.

ఎవరో కస్టమర్ ఆ తెర చూసి, ఇంతమంది యజమానులా అని నవ్వాడట. బావగారికి రోషం పొడుచుకొచ్చింది. నేను పంటి నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్లిన సమయం చూసి, మావారిని పక్కన కూర్చోబెట్టుకుని, అక్కర్లేని పేర్లన్నీ ఏరిపారేశారు. వచ్చి చూద్దును కదా, తెర మీద ఒక్క పేరే మిగిలింది. అది ఎవరిదో చెప్పక్కర్లేదు.

"ఇంటి మనిషివి, నీకు వేరే పేరెందుకమ్మా? నా పేరుతోనే కూర్చో," అన్నారు, ఏదో వరమిస్తున్నట్టు.

నా పేరుతో పాటు, ఓ లెక్కల మేష్టారు మా దగ్గర అచ్చుకిచ్చిన రేఖాగణితం పుస్తకమంతా పోయింది. ప్రతి త్రిభుజం, ప్రతి వృత్తం నెలల తరబడి నా చేత్తో గీసినవి. ఇంకోచోట కాపీ పెట్టుకుందామంటే, డిజైన్లు బయటికి పోతాయని ప్రెస్సులోకి పెన్‌డ్రైవ్‌లు రానివ్వని మహానుభావుడాయన. పుస్తకం ఏదని అడిగితే, ఇందులోనే ఎక్కడో ఉంటుంది, ఎక్కడికి పోతుందన్నారు. గుమ్మం మీద బోర్డు పీకినంత మాత్రాన లోపల గది పోతుందా అన్నది ఆయన తెలివి. ఆ తెలివి మీద నాకు కోపం కూడా రాలేదు. ఉన్నదాని మీద కదా కోపమొచ్చేది.

మావారి వైపు తిరిగాను. "ఫైళ్లు కూడా పోతాయి, తీసేయాలా అని కంప్యూటర్ అడిగి ఉంటుంది కదా?"

"అడిగింది."

"మీరు చూశారా?"

"చూశాను. అన్నయ్య మంచి ఊపు మీదున్నాడు. నలుగురిలో ఆపితే బాగుండదని..."

ఆ నలుగురూ ఎవరా అని గదంతా చూశాను. వాళ్లిద్దరూ, పైన ఒక ఫ్యానూ ఉన్నారు. బావగారికి తెలియదు, ఈయనకు తెలుసు. ఈ మనిషితోనా ఇన్నేళ్లూ కాపురం చేశానని సిగ్గేసింది.

సాయంత్రం మేష్టారు చివరి దిద్దుబాట్లు చేసిన ప్రూఫుల కట్ట చంకన పెట్టుకుని వచ్చారు. బావగారు చిన్న పొరపాటు జరిగిందనీ, మా మరదలు చిటికెలో మళ్లీ చేసేస్తుందనీ నవ్వుతూ చెప్పారు. చిటికెలో కాదనీ, మొదటి పేజీ నుంచీ గీయాలనీ నేను చెప్పాను. పాపం మేష్టారు కుర్చీలో కూలబడి, అసలు ఈ పుస్తకం వస్తుందా అమ్మా అని అడిగారు.

"వస్తుంది మేష్టారూ. నేను చేస్తాను. ఇక్కడ మాత్రం చేయను."

ప్రెస్సు పని ప్రెస్సులోనే జరగాలని బావగారు గొంతు పెంచారు.

"నా పేరు తీసేశారు కదా బావగారూ. మరి పని ఎవరికి చెబుతున్నారు?"

ఆయన తమ్ముడి వైపు చూశారు. తమ్ముడు నేల చూపులు చూశాడు. మేష్టారు లేచి, ప్రూఫుల కట్ట తెచ్చి నా చేతిలో పెట్టారు.

ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ మీద రెండే పేర్లు, నాదీ మావారిదీ. ఇంటికి రాగానే దాని ముందు కూర్చున్నాను. ఆయన ఫొటోలూ కాగితాలూ ఒక్కటీ వదలకుండా వేరేచోటికి కాపీ చేసి, అన్నీ ఉన్నాయో లేదో ఆయన చేతే చూపించాను. తర్వాత ఆయన పేరు తీసేయమని నొక్కాను. నిజంగా తీసేయాలా అని అడిగింది. ఆయన నా వెనకే నిలబడి చదువుతున్నారు. వద్దంటారేమోనని కాసేపు ఆగాను. తన పేరు పోతున్నా ఆ మనిషి నోరు మెదపలేదు. నొక్కేశాను.