నీటిమండపం మీది తెల్లమచ్చ

ముందు శబ్దం. గరగరమని, ఆగి, మళ్ళీ గరగరమని, రాతి మీద పళ్ళ ఉలిని ఈడ్చిన శబ్దం. వీధిలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు; సముద్రం మీది మంచు ఇంకా విడలేదు. ఆ ఉలి పట్టిన చెయ్యి నాది. ఆ చేతిని ఎవరూ చూడకూడదని మొక్కుకుంటూ గీకాను.

అక్షరం చెక్కే ఉలికి ఒక లయ ఉంటుంది: టక్కు, ఒక ఊపిరి, మళ్ళీ టక్కు. అక్షరాన్ని చెరిపే ఉలికి లయ లేదు.

నేను చెరిపింది రాణి పేరు. మా రేవుపట్టణానికి ఈ నీటిమండపం కట్టించిన రాణి. నాలుగు సింహాల నోళ్ళ నుంచి కొండనీటిని వీధిలోకి దింపిన రాణి. ఆమె కన్నుమూసి ఏడాది నిండలేదు. సవతి కొడుకు సింహాసనమెక్కాడు. ఆమె పేరు ఏ రాతి మీదా మిగలరాదన్నాడు, ఏ నోటా వినబడరాదన్నాడు. పలికినవారికి అంగడి నడుమ కొరడాదెబ్బలని చాటింపు వేయించాడు.

పట్టణసభకు రాతిపనివాళ్ళను పిలిచారు.

"ఎవరు చేస్తారయ్యా ఈ పని?" అని సభాపెద్ద అడిగాడు.

ముసలి నికాన్ చేతికి గుడ్డ చుట్టుకొని వచ్చాడు. "మణికట్టు బెణికింది బాబూ," అన్నాడు. ఆ పొద్దున్నే అదే చేత్తో అతడు చేపలు తోముతుంటే చూశాను. పక్కవాడు దగ్గాడు, దగ్గుతూనే ఉన్నాడు. ఎవరూ నా వంక చూడకముందే, ఎవరూ నన్ను అడగకముందే, "నేను చేస్తాను," అన్నాను.

ఇరవై ఏళ్ళ కింద ఆ పేరును చెక్కింది నేనే. ఆ సంగతి ఎవరికైనా గుర్తుకొస్తుందేమోనన్న భయం నాది. నన్నెవరూ తరమలేదు, నేనే పరుగెత్తాను.

అమ్మకు చూపు పోయి ఆరేళ్ళు. ఆ వేకువన నేను ఉలి సంచి తీసిన అలికిడికే లేచి కూర్చుంది.

"ఎక్కడికిరా ఇంత పొద్దున్నే?"

"ఓడల యజమాని ఒకాయన పోయాడమ్మా. సమాధిరాయికి అక్షరాలు చెక్కాలి."

"ఓహో," అంది.

పని ముగిశాక, మా నాన్న నేర్పినట్టే, ఇసుకా నీళ్ళూ పోసి ఆ చోటును నున్నగా రుద్దాను. చెడ్డపనిని కూడా చక్కగా చెయ్యడం మా చేతులకు అలవాటు. మరునాడు పక్కింటి గ్లికేరా కుండ నింపుకుంటూ నన్ను ఆపింది.

"ఏం పనితనమయ్యా డోర్కోన్! గోడంతా నాచు పట్టి నల్లగా ఉంటే, నువ్వు గీకిన చోటొక్కటే పాలు పోసినట్టుంది. ఓడ దిగినవాడు దిగినట్టే ఇక్కడికొచ్చి, అదేంటని అడుగుతున్నాడు."

"మెల్లగా మాట్లాడక్కా."

"నేనేమైనా పేరెత్తానా? ఎత్తేది రాయి."

నిజమే. రోజూ కళ్ళముందున్న పేరును ఎవరూ చదివేవారు కాదు. ఇప్పుడు నీళ్ళకొచ్చిన ప్రతి స్త్రీ ఆ తెల్లమచ్చను చదువుతోంది, చదివి నన్ను చూస్తోంది. నేను తల వంచుకొని నడవడం నేర్చుకున్నాను.

రాణి పండుగ వచ్చింది. ఆ పొద్దున ప్రతి గడప ముందూ సముద్రపు ఇసుకతో చిన్న బలిపీఠం తట్టి, దాని మీద శనగలు చల్లడం మా ఆచారం. ఇంటి మగవాడు నీళ్ళు ధారపోసి, వీధంతా వినబడేలా ఒక్కసారి ఆమె పేరు పిలుస్తాడు. ఈ ఏడు ఏ గడప ముందూ ఇసుక లేదు.

"ఇసుక తెచ్చావా?" అంది అమ్మ.

"ఈ ఏడు వద్దమ్మా. మండపం దగ్గర కాపలావాడున్నాడు."

"ఉండనీ. తాగేది ఆవిడ నీళ్ళేగా. తేరా."

తెచ్చాను. అమ్మ గడప ముందు కూర్చుని, తడి ఇసుకను రెండు అరచేతులతో తట్టింది. తడుతూనే అడిగింది:

"ఆ ఓడలాయన సమాధి అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా."

"పేరేంటి పాపం?"

ఇంకో గుప్పెడు తడి ఇసుకను ఆమె ముందుకు తోశాను.

"నలభై ఏళ్ళు రాళ్ళు కొట్టేవాడితో కాపురం చేశానురా. తప్పుపడ్డ అక్షరాన్ని మీ నాన్న గీకేస్తుంటే ఆ చప్పుడెలా ఉండేదో నాకు తెలీదా? భయపడ్డావు, సరే. అందరూ పడ్డారు. మరి నాకెందుకురా అబద్ధం చెప్పావు? కళ్ళతో పాటు చెవులూ పోయాయనుకున్నావా?"

ఇసుకలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

"భూకంపం వచ్చిన ఏడు నీ చెల్లి కడుపులో ఉంది. ఊళ్ళో బావులు ఇంకిపోతే, కొండ మీది ఊట నుంచి కుండలు మోశాను. ఆ దారిలోనే పోయింది అది. మర్నాడూ మోశాను, ఏం చేస్తాను? ఆవిడ పల్లకి ఆపించి, ‘నీ పేరేంటమ్మా?’ అంది. మిర్తాలే అన్నాను. ‘మిర్తాలే,’ అని తనూ పలికింది, మరిచిపోకూడదన్నట్టు. మరుసటేడు వీధిలోకి నీళ్ళొచ్చాయి." అమ్మ శనగలు చల్లింది. "నేను పిలిస్తే గుడ్డిముసలమ్మ గొణిగిందంటారు. చెక్కినవాడివి నువ్వు, గీకినవాడివీ నువ్వే. నువ్వు పిలువు."

చెంబు ఎత్తాను. గ్లికేరా తలుపు బెత్తెడు తెరుచుకుంది. సింహం నోటి కింద దోసిలి పట్టిన కాపలావాడు మా వైపు తిరిగాడు. నీళ్ళు ఇసుకలోకి ఇంకిపోయాయి. అమ్మ చెవి ఒగ్గి కూర్చుంది.

ఇన్నాళ్ళూ వంచిన తలను ఎత్తి, ఎదుట ఆ తెల్లమచ్చను చూస్తూ, వీధి చివరిదాకా వినబడేలా పిలిచాను:

"కల్లినోయే!"